ఆక్లాండ్ నుంచి ఆహా దాకా

 

ఇవాళ మాస్ కమ్యూనికేషన్ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది మొదటి జీతం ఏదో ఒక రియాలిటీ షోలోనే అందుకుంటారు. న్యూస్ చానెల్లో చేరినవాడికి ఊళ్లో దక్కే మర్యాద ‘బిగ్ బాస్’ ఎడిట్ సూట్‌లో రాత్రుళ్లు కూర్చునేవాడికి దక్కదు. "సినిమాలో ఏదీ దొరకలేదా నాయనా" అని బంధువులు జాలిపడతారు. వాళ్లతో ఒక మాట చెప్పండి: నేనుంటున్న న్యూజిలాండ్‌లో ఇలాంటి షోలే తీసిన ఒకావిడకి 2017లో ‘డేమ్’ బిరుదు ఇచ్చారు. జూలీ క్రిస్టీ. ‘డాక్టర్ జివాగో’ కథానాయిక కాదు, ఆవిడ వేరు.

ఈ జూలీ క్రిస్టీ పత్రికారంగం నుంచి టీవీలోకి వచ్చి, కమ్యూనికాడో అనే నిర్మాణ సంస్థలో పని నేర్చుకుని, 1991లో సొంతంగా టచ్‌డౌన్ ప్రొడక్షన్స్ పెట్టింది. అప్పటికి ఆ దేశ జనాభా నలభై లక్షలు కూడా లేదు. అంటే హైదరాబాద్ కంటే చిన్న మార్కెట్. అమెరికా సీరియల్ ఎపిసోడ్ చవగ్గా కొనుక్కోవచ్చు, సొంతంగా ఒక డ్రామా తీయాలంటే ఖజానా ఖాళీ. ఈ రెండింటి మధ్య ఆమె ఇళ్ల మరమ్మతులూ క్రీడా క్విజ్‌లూ పట్టుకుంది. 1997లో కొంతమందిని ఫిజీ తీసుకెళ్లి దీవి మీద వదిలి ‘ట్రెజర్ ఐలాండ్’ తీసింది. అమెరికాలో ‘సర్వైవర్’ రావడానికి ఇంకా మూడేళ్లుంది. విమర్శకులు చీప్ టీవీ అన్నారు, జనం మాత్రం చూశారు. 2006లో సంస్థను డచ్ కంపెనీ ఐవర్క్స్‌కి అమ్మింది.

చిన్న దేశంలో పెట్టుబడి రాబట్టుకోవాలంటే షోని కాదు, షో తీసే పద్ధతిని బయటి దేశాలకు అమ్మాలి. ఇక్కడే ఒక చిత్రమైన చట్టం చిక్కు ఉంది. బ్రిటన్‌లో హ్యూయీ గ్రీన్ అనే యాంకర్ ‘ఆపర్చునిటీ నాక్స్’ అనే ప్రతిభా పోటీని ఏళ్ల తరబడి నడిపాడు. డెబ్బైల్లో న్యూజిలాండ్ ప్రభుత్వ టీవీ అదే పేరుతో, అవే ఊతమాటలతో, చప్పట్ల మోత కొలిచే అదే మీటరుతో ఒక పోటీ ప్రసారం చేసింది. ఆయన కోర్టుకెళ్లాడు. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1989లో తేలింది. గ్రీన్ ఓడిపోయాడు. షో నమూనాకి కాపీరైట్ లేదు పొమ్మన్నారు. ప్రపంచమంతా ఇప్పటికీ ఉదహరించే తీర్పు అది.

మరి కాపీరైట్ లేనిదాన్ని డబ్బిచ్చి ఎందుకు కొంటారు? మా వ్యాపారంలో ‘బైబిల్’ అనే లావుపాటి పుస్తకం ఒకటుంటుంది. ఆడిషన్‌కి ఎన్ని గదులు కావాలి, కెమెరా ఎక్కడుండాలి, ఎలిమినేషన్ ప్రకటించేముందు యాంకర్ ఎంతసేపు ఆగాలి, మొదటి దేశంలో ఎక్కడ చేతులు కాలాయి, అన్నీ అందులో ఉంటాయి. ఆలోచన ఊరికే దొరుకుతుంది. డబ్బిచ్చేది ఆ చేతులు కాలిన అనుభవానికి.

అయినా కాపీ గోల ఆగదు. టచ్‌డౌన్ వాళ్ల ‘ద చెయిర్’ని 2002లో అమెరికా ఏబీసీ కొనుక్కుంది. టెన్నిస్ ఆటగాడు జాన్ మెకెన్రో యాంకర్. కుర్చీలో కూర్చున్న మనిషి గుండె వేగం అదుపులో ఉంటేనే జవాబు చెప్పనిస్తారు. మధ్యలో మొహం ముందుకి మొసలిని దించుతారు! సరిగ్గా అదే వారం ఫాక్స్ చానెల్ ‘ద ఛేంబర్’ అని ఇంచుమించు అలాంటిదే దించింది. గొడవ కోర్టుకెక్కింది. రెండు షోలూ కొద్దికాలంలోనే మూతపడ్డాయి.

న్యూజిలాండ్ నుంచి వెళ్లి నిజంగా ప్రపంచాన్ని చుట్టింది ‘పాప్‌స్టార్స్’. 1999లో జోనథన్ డౌలింగ్ అనే నిర్మాత ఆడిషన్లు పెట్టి, ఐదుగురు అమ్మాయిలతో ‘ట్రూబ్లిస్’ అనే బృందం కట్టాడు. ఎంపిక, రిహార్సల్, దొరకనివాళ్ల ఏడుపు, అన్నీ చూపించాడు. వాళ్ల తొలి పాట దేశంలో నంబర్ వన్ అయింది. షో ఆస్ట్రేలియాకీ, బ్రిటన్‌కీ, జర్మనీకీ వెళ్లింది. ఆ దారిలోనే బ్రిటన్‌లో 2001లో సైమన్ ఫుల్లర్ ‘పాప్ ఐడల్’ వచ్చింది, ప్రేక్షకుల ఓటు తోడైంది. 2002లో అమెరికన్ ఐడల్, 2004లో సోనీలో ఇండియన్ ఐడల్, 2010లో దాన్ని గెలిచిన మన శ్రీరామచంద్ర, 2022లో ఆయనే యాంకర్‌గా ఆహా ఓటీటీలో తెలుగు ఇండియన్ ఐడల్.

ఇంతా చేసి ‘పాడుతా తీయగా’ వీటన్నిటికీ అక్క. 1996లోనే ఈటీవీలో మొదలైంది. దాన్ని నడిపిన గాయకుడు బాలు గారు పిల్లల ఉచ్చారణ దిద్దేవారు, పాట ఎలా పుట్టిందో చెప్పేవారు, ఓడినవాణ్ణి భుజం తట్టి పంపేవారు. కన్నడంలో ‘ఎదె తుంబి హాడువెను’కీ ఆయనే. ఆయన ఎక్కడుంటే షో అక్కడుంది, ఆయన లేకుండా మరో దేశానికి అమ్మే బైబిల్‌గా మారలేదు. నన్నడిగితే ఆ భుజం తట్టడమే మనం రాసిపెట్టుకోవలసిన మొదటి రూలు.

ఎందుకంటున్నానో ఎడిట్ సూట్‌లో కూర్చుంటే మీకే తెలుస్తుంది. భోజనాల వేళ ఒకమ్మాయి ఆవులిస్తుంది. కెమెరా నడుస్తూనే ఉంటుంది. ఆ రెండు సెకన్లు తీసి, మరో పోటీదారు పాట అయిపోయిన చోట అతికిస్తే ఆమె పొగరుబోతు అయిపోతుంది. కన్ఫెషన్ రూమ్‌లో సోమవారం అన్న సగం వాక్యానికి గురువారం అన్న సగం వాక్యం కలిపితే ఆమె ఎన్నడూ అనని మాట తయారవుతుంది. టైమ్‌లైన్ మీద అది ఒక్క కట్. ఆ అమ్మాయికి మాత్రం కాలేజీలోనూ పెళ్లిచూపుల్లోనూ అదే మొహం. రాత్రి రెండింటికి ఛానెల్ నుంచి "ఇంకొంచెం మసాలా" అని ఫోనొస్తుంది, చేతికింద ఆ ఆవులింత రెడీగా ఉంటుంది. ఏ చట్టమూ ఆ గదిలోకి రాదు.

లైవ్‌లో ఆ ఎడిట్ కూడా ఉండదు. 2015 మార్చిలో న్యూజిలాండ్ ‘ఎక్స్ ఫ్యాక్టర్’లో నటాలియా కిల్స్, ఆమె భర్త విల్లీ మూన్ జడ్జిలు. సూటు వేసుకుని జుట్టు దువ్వుకుని పాడటానికొచ్చిన ఒక కుర్రాణ్ణి, నా భర్త వేషం కాపీ కొట్టావంటూ ఆవిడ స్టేజి మీదే దులిపేసింది. ఆయనా గొంతు కలిపాడు. కాపీల మీదే బతికే పరిశ్రమలో కాపీ కొట్టావని ఒక పిల్లవాడి మీద పడటం! ఛానెల్ మర్నాడే ఇద్దర్నీ తీసేసింది. మంచిపనే. కానీ నోటి దురుసు జడ్జి ఉంటే టీఆర్పీ పెరుగుతుందని నమ్మి కోరి తెచ్చుకునేది నిర్మాతలమే కదా, ఆ సంగతి ఒప్పుకోవాలి.

కాబట్టి రేపు అసిస్టెంట్‌గా చేరినా, పదేళ్లకు షో రన్నర్ అయినా, నాకోసం రెండు పనులు చేయండి. పోటీదారు చేత రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టించేముందు అది తెలుగులో, గట్టిగా, కాలమ్ కాలమూ చదివి వినిపించండి. ఎలిమినేట్ అయిన పిల్లో పిల్లాడో ఇంటికి చేరారా, అన్నం తిన్నారా అని ఆ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి. బైబిల్‌లో ఆ పేజీ లేకపోతే మీరు రాసి చేర్చండి.