ఫొటో వెనుక వ్రాయని పేర్లు
(శతాబ్ది ఉత్సవముల సభలో చేసిన ప్రసంగ పాఠము)

పాత ఫొటోల ద్వారా కుటుంబ చరిత్రను తెలిసికొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరినారు. మేము చరిత్రకారులము కాము. మా ఇంటి ట్రంకుపెట్టెలోని ఫొటోలను ముందు వేసికొని కొన్నాళ్లు కూర్చున్నవారము మాత్రమే. అందులో నేర్చుకొన్నదే మనవి చేయుచున్నాము.

మన తెలుగు సంఘములలో పాత ఫొటోలు రెండు రకములు. పెండ్లికో, చదువు ముగిసినందుకో మనవారు రొక్కమిచ్చి స్టూడియోలో తీయించుకొన్నవి ఒక రకము. మిషనెరీలు తీసినవి రెండవ రకము. వీటిలో చాలవరకు, ఇక్కడ జరుగుచున్న పనిని తమ దేశములోని దాతలకు చూపుటకై తీసినవే. కావున ఫొటో చేతికి తీసికొనగానే, ఇది ఎవరు తీసిరి, ఎవరికి చూపుటకు తీసిరి అని అడుగవలెను. మనవారు నిలిచిన తీరు తీసినవారు కోరినది కావచ్చును. తాతగారి కోటు అరువుది కావచ్చును.

తరువాత ఫొటోను త్రిప్పి చూడవలెను. అట్టమీద స్టూడియో ముద్ర ఉండిన ఊరు తెలియును. సంవత్సరము లేకున్నను ఫొటోలోని గురుతులు చెప్పును. అజరయ్య గారు 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకము పొంది, 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. బిషప్పు వస్త్రములతో ఆయన మీ తాతగారి ప్రక్కన కూర్చుండిన, ఆ ఫొటో ఈ నడిమి కాలముది. వెనుక మెదకు కెథీడ్రలు పూర్తియై కనబడిన, అది 1924 నాటిదో, ఆ తరువాతిదో అయి యుండును. ఇట్లు ఒక్కొక్క గురుతు పట్టుకొని కాలమును దగ్గరకు తెచ్చుకొనవచ్చును.

అయితే అసలు కష్టము పేర్లతో వచ్చును. మిషను ఫొటోలలో దొరగారి పేరు, దొరసానిగారి పేరు తరచు వ్రాసియుండును. మనవారికి మాత్రము “ఉపదేశి, కుటుంబము”, “బైబిలు స్త్రీలు”, “బోర్డింగు బాలికలు” అను మాటలే మిగిలినవి. మత్తయి సువార్త వంశావళిలో తామారు, రాహాబు, రూతు పేర్లున్నవి గాని, బత్షెబ మాత్రము ఊరియా భార్యగానే ఉన్నది. ఆమె పేరు సమూయేలు గ్రంథములో ఉన్నందున మనకు తెలిసినది. మన ఉపదేశిగారి భార్య పేరు ఏ గ్రంథములో ఉన్నది?

మా ఇంట అట్టి ఫొటో ఒకటి ఉన్నది. పెంకుటింటి ముందు అయిదుగురు. వెనుక ఇంగ్లీషున “ఉపదేశి, కుటుంబము” అని మాత్రమే ఉన్నది. ఎనుబది దాటిన మా చిన్న నాయనమ్మను అడిగితిమి. ఆమె ముఖములను గాక ముందు చీరను గుర్తుపట్టినది. “అది పండుగ చీర. ఇంటికి ఒక్కటే. ఎవరు ఊరికి పోయిన వారు కట్టేవారు” అన్నది. పిమ్మట కుర్చీ ప్రక్క నిలిచిన స్త్రీని చూపి, ఉపదేశిగారు ఊళ్లు తిరుగుచుండగా వసారాలో పిల్లలకు అక్షరములు దిద్దించినది ఈమెయే అన్నది. జీతము లేదు, ఏ రిపోర్టులోను లేదు. ఆమె చెప్పిన పేరును బాప్తిస్మపు రిజిస్టరులో వెదకగా, తండ్రి పేరుతోను, ఊరితోను దొరికినది. అట్లు ముగ్గురి పేర్లు తెలిసినవి. మరుసటి ఏడు చిన్న నాయనమ్మ ప్రభువునందు నిద్రించినది. ముందు కూర్చున్న ఇద్దరు పిల్లలు ఎవరో చెప్పగలవారు ఇక మా వంశములో లేరు.

మా ఇంట ఒక్క ఫొటో అయినను లేదే అని కొందరు బాధపడుదురు. సిగ్గుపడవలసిన పని లేదు. కూలి చేసికొని బ్రతికిన మన పెద్దలకు ఫొటో ఎక్కడిది? 1878 జూలై 3న ఒంగోలు మిషనులో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఎందరి ముఖములను నేడు చూడగలము? అట్టివారికి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లే ఫొటోలు. మీ గురువుగారి అనుమతితో చూడుడి. విదేశములలోను కొన్ని దొరకును. సి.ఎం.ఎస్. వారి కాగితములు బర్మింగుహాము విశ్వవిద్యాలయములోను, వెస్లియను మిషనువారివి లండనులోని సోయాస్ గ్రంథాలయములోను ఉన్నవి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు అనేక మిషనుల పాత ఫొటోలను ఇంటర్నెట్టులో ఉంచినారు. మన పిల్లలు ఇంట కూర్చుండియే వెదకగలరు.

ఇక కొన్ని జాగ్రత్తలు. ఫొటో వెనుక బాలుపెన్నుతో వ్రాయకుడి. మెత్తని పెన్సిలుతో అంచున తేలికగా వ్రాయుడి, లేదా వేరు కాగితముమీద వ్రాసి జతచేయుడి. చినిగినచోట టేపు అంటింపకుడి. తడిగుడ్డతో తుడువకుడి. అద్దమునకు అంటుకొనిన ఫొటోను లాగకుడి. చెమ్మ తగలని చోట, చెదలు చేరని పెట్టెలో పెట్టుడి. ముందు వైపు, వెనుక వైపు సెల్‌ఫోనుతో తీసి బంధువులకు పంపుడి.

అన్నిటికంటె ముందు చేయవలసినది ఒక్కటే. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మీ ఇంటిలోనో వీధిలోనో ఉన్న పెద్దామె దగ్గర ఫొటో పెట్టుకొని కూర్చుండుడి. తొందర పెట్టకుడి. ఎడమనుండి కుడికి ఒక్కొక్కరి పేరు అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడి. ముఖ్యముగా స్త్రీల పేర్లు, పుట్టింటి పేరుతో సహా వ్రాయుడి. నూరేండ్ల సంఘ చరిత్రలో బిషప్పుల పేర్లు ఎవరైనను వ్రాయుదురు. మన అవ్వల పేర్లు మనమే వ్రాయవలెను.