అన్నము తగ్గించిన దినములలో దేహబలము

(బరంపురమున మన సంఘ మాససభలో చేసిన ప్రసంగపాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తండ్రిగారి పప్పుదినుసుల అంగడిలో కూర్చున్నవారము. ప్రతి సభలో సంఘపు జమాఖర్చులు చదువు మేము నేడు దేహపు జమాఖర్చులు చదువుటకు కారణము కలదు. మన కుటుంబములలో చక్కెరవ్యాధి సోకని యిల్లు అరుదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ననుసరించి దేశమున 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధి కలదు. అది చూచి మన యువకులు ఒకనాటి ఉదయమున అన్నము మానుచున్నారు; నాలుగవనాడు కాళ్లు తేలిపోవుచున్నవని మరల కంచము నింపుకొనుచున్నారు. అన్నములోనే బలమున్నదని ఇంటి పెద్దలు తీర్పు చెప్పుచున్నారు. ఆ తీర్పు సగమే నిజము.

వర్తకుల మాటలలో చెప్పవలెనన్న, దేహమునకు గల్లాపెట్టె యొకటి, గిడ్డంగి యొకటి కలవు. అన్నము, రొట్టె, బెల్లము మొదలగు పిండిపదార్థముల వలన వచ్చు చక్కెరను దేహము గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందు సుమారు 100 గ్రాములు, కండరములందు సుమారు 400 గ్రాములు దాచుకొనును. ఇది గల్లాలోని రొక్కము; అంతయు కలిపి 2,000 కేలరీలు, అనగా రమారమి ఒక దినపు ఖర్చు. కొవ్వు గిడ్డంగిలోని సరుకు. 10 కిలోల కొవ్వు గలవాని వద్ద 70,000 కేలరీలకు పైగా నిలువ యున్నట్లే. కాని గిడ్డంగి నిండ సరుకున్నంత మాత్రమున కూలివానికి రొక్కము చేతిలో పెట్టగలమా? సరుకు తీసి అమ్ము ఏర్పాటు కావలెను. అన్నము మానిన మొదటి దినములలో గల్లా ఖాళీయగును, గిడ్డంగి తలుపులు ఇంకను పూర్తిగా తెరచుకొనవు. నీరసమునకు ఇదియొక మూలము.

రెండవదానిని మనవారు గమనింపరు. ఒక గ్రాము గ్లైకోజెనుతో సుమారు మూడు గ్రాముల నీరు నిలిచియుండును. అది ఖర్చైనపుడు ఆ నీరును పోవును. ఇన్సులిన్ తగ్గుటచే మూత్రపిండములు ఉప్పును గూడ విడిచిపెట్టును. మొదటి వారమున త్రాసుపై తగ్గిన కిలో, రెండు కిలోలు చాలవరకు నీరే. కొవ్వు కరగెనని బంధువులకు ఫోను చేయనక్కరలేదు. తలనొప్పి, లేచి నిలుచున్నపుడు కన్నులకు చీకట్లు క్రమ్ముట తరచు ఇందువలననే.

ఇక మెదడు. అది కొవ్వును నేరుగా వాడుకొనజాలదు. దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కోరును. పిండిపదార్థము అందనపుడు కాలేయము కొవ్వునుండి కీటోనులను చేసి మెదడునకు పంపును, మాంసకృత్తులనుండి కొంత గ్లూకోజును తానే తయారుచేయును. వారముల తరబడి ఉపవాసమున్నవారిలో మెదడు వాడు ఇంధనమున చాలభాగము కీటోనులే యని జార్జి కాహిల్ గారి బృందము 1967లో వెల్లడించెను.

ఇది నేడు పుట్టిన వింత కాదు. 1878-80 నడుమ ఫ్రెడరిక్ ష్వాట్కా అను అమెరికా సైనికాధికారి ఉత్తరధ్రువ మంచుభూములలో ముఖ్యముగా వేటమాంసముపై ఆధారపడి 3,000 మైళ్లకు పైగా ప్రయాణించెను. ఆ తిండికి మారిన క్రొత్తలో బలము చాలనట్లు తోచుననియు, రెండు మూడు వారములలో ఆ నీరసము పోవుననియు ఆయన తన దినచర్యలో వ్రాసికొనెను. 1983లో స్టీఫెన్ ఫిన్నీ గారు ఐదుగురు సైకిలు పందెగాండ్రకు నాలుగు వారములు పిండిపదార్థము మిక్కిలి తగ్గించి పరీక్షించిరి. నిదానముగా ఎంతసేపు త్రొక్కగలరో ఆ శక్తి సగటున తగ్గలేదు. కాని ఒక్కుమ్మడి వేగమునకు గ్లైకోజెనే కావలెను. బస్తా లెత్తువారు ఈ సంగతి మరువరాదు.

మా అనుభవమును అట్లే యుండెను. మూడవనాడు చిట్టాలో ఒకే మొత్తమును మూడుమార్లు కూడి మూడు లెక్కలు తెచ్చితిమి. మా గుమాస్తా మొగము త్రిప్పుకొని నవ్వెను. వైద్యుని సలహాపై ఉప్పువేసిన పలుచని మజ్జిగ రెండు పూటల త్రాగగా తలనొప్పి తగ్గెను. పదవనాటికి లెక్క కుదిరెను. మూడవ వారమున స్టేషను వరకు నడచియు అలయలేదు.

ఇంతవరకే చెప్పి కూర్చున్న మేము దోషులమగుదుము. మమ్ము చూచి మా మేనమామగారు ఎవరితోను చెప్పక అన్నము మానిరి, మాత్రలు మాత్రము మానలేదు. ఐదవనాటి రాత్రి చెమటలు పోసి, చేతులు వణకి, మనుష్యులను గుర్తింపలేని స్థితి వచ్చెను. ఇంకను మ్రింగగలిగెను గనుక అత్తగారు పంచదార నీరు త్రాగించిరి. తెల్లవారులోగా ఆసుపత్రి చేర్చితిమి. బ్రతికి బయటపడిరి. ఇన్సులిన్ సూదులు, గ్లైమిపిరైడ్ వంటి మాత్రలు అన్నపు లెక్కకు తగినట్లు ఇచ్చినవి. అన్నము తగ్గినపుడు వైద్యుడు ఆ మోతాదును తగ్గింపవలెను. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారిలో, చక్కెర అంతగా హెచ్చక పోయినను, కీటోనులు మితిమీరి ప్రాణాపాయము కలుగవచ్చును. రక్తపుపోటు మందులకును సవరణ కావలసివచ్చును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండముల జబ్బుగలవారు తమంతట తాము దీని జోలికి పోరాదు.

ఇంటి మాట యొకటి. అన్నము మాని చోడి అంబలి త్రాగుచున్నామని కొందరు సంతోషించుచున్నారు. చోళ్లలో పీచు, సున్నము మెండు, నిజమే. కాని పిండిపదార్థము బియ్యముకంటె ఏమంత తక్కువ కాదు. ఇడ్లీ, దోసె సంగతి చెప్పనే వలదు. మా అంగడి సరుకైనను నిజము చెప్పవలెను: కందిపప్పులో సగమునకు పైగా పిండిపదార్థమే. ఆకుకూరలు, వంకాయ, బీర, పెరుగు, గ్రుడ్లు, చేపలు, శాకాహారులకు పనీరు, వేరుసెనగ, ఇవి పెంచుకొని అన్నమును మెల్లమెల్లగా తగ్గించిన, పూర్తిగా మానకయే చాలమందికి గుణము కనిపించును.

మేనమామగారు ఇప్పుడు ఒక పూట చిన్న గిన్నెడన్నము తినుచున్నారు, వైద్యుని చీటీ ప్రకారము మాత్రలు తగ్గించిరి. ఆరంభింపదలచినవారు తమ మందుచీటీలు మడిచి జేబులో పెట్టుకొని ముందు వైద్యుని వద్దకు పొండు.