బాలబాలికలకు ప్రోగ్రాము విద్య
(అర్ధవీడు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమునుగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. చిరకాలము సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతినొందిన మాకు కంప్యూటరుతో నేమి పనియని కొందఱు మందహాసము చేయవచ్చును. కాని యా విద్యకు మూలము యంత్రము కాదు, క్రమముగల యాలోచన. అది మన శాస్త్రములకు క్రొత్తది కాదు.

ఛందస్సును పరికింపుడు. గురులఘువులు రెండే. మూడక్షరముల చోట వానిని మార్చి మార్చి యుంచినచో ఎనిమిది గణములు పుట్టును, తొమ్మిదవది లేదు. ఈ ప్రస్తారమునకు పింగళాచార్యుడు విధి చెప్పెను. కంప్యూటరును సున్న, ఒకటి యను రెండు గుర్తులతోడనే సర్వమును నడపుచున్నది. పాణిని సుమారు 4,000 సూత్రములతో భాషను నియమించెను. ఏ సూత్రము ముందు, ఏది దేనికి బాధకము అను నిర్ణయమే యందలి ప్రాణము. ప్రోగ్రామనగా నట్టి విధుల వరుసయే. ఇంతమాత్రమున మన పూర్వులే కంప్యూటరును కనిపెట్టిరని మేము చెప్పుటలేదు. మన పిల్లలు దీనికి జంకనక్కఱలేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక బోధనావిధము. 1967లో అమెరికాయందు సీమూర్ పేపర్టు మొదలగువారు పిల్లలకొఱకు ‘లోగో’ యను భాషను నిర్మించిరి. అందు తాబేలొకటి పిల్లల యాజ్ఞననుసరించి నడచి గీతలు గీయును. “నూఱడుగులు ముందునకు నడువుము, కుడికి 90 డిగ్రీలు తిరుగుము” అని నాలుగుమాఱులు చెప్పినచో చతురస్రమేర్పడును. త్రిభుజమునకు 60 అని చెప్పినచో బొమ్మ మూసికొనదు. తిరుగవలసినది 120 అని పిల్లవాడు తానే కనుగొనును. అచ్చట బెత్తముతో పనిలేదు, తప్పే గురువు. 2007లో ఎం.ఐ.టి. వారు వెలువరించిన ‘స్క్రాచ్’ నందు ఆజ్ఞలు రంగుల దిమ్మలుగా నుండును. దానికి వెల లేదు. ఒకమాఱు కంప్యూటరులో నెక్కించుకొన్నచో ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును.

యంత్రము లేనివారు మన మార్కాపురపు పలకతోనే యారంభింపవచ్చును. కంభము చెఱువును చూపి, “నీరు ఈ గుర్తు దాటినచో తూము తెఱువుము, లేనిచో మూసియుంచుము, ప్రతిదినము ఇట్లే చూడుము” అని వ్రాయింపుడు. వరుస, షరతు, ఆవృత్తి యను మూడును అందే యిమిడియున్నవి.

కృత్రిమమేధయే ప్రోగ్రాములు వ్రాయుచుండగా నీ శ్రమ యేలయని యడుగువారున్నారు. లెక్కల యంత్రము వచ్చినదని ఎక్కములు మానితిమా? యంత్రము చెప్పినది ఒప్పో తప్పో పరీక్షింపలేనివాడు దానికి దాసుడగును. ఆ కృత్రిమమేధయందలి కృషికే, చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డిగారికి 1994లో ట్యూరింగు బహుమానము లభించినది. పల్లెలో పుట్టుట లోపము కాదు. నేర్పువారు లేకపోవుటయే లోపము.

2020నాటి జాతీయ విద్యావిధానము మాధ్యమిక దశనుండియే కోడింగు నేర్పవలెనని చెప్పినది. కాని వానలు తప్పిన యేడు ఇంటికి తాళమువైచి హైదరాబాదునకు, బెంగుళూరునకు కూలికిపోవు కుటుంబముల పిల్లల చదువు నడుమనే తెగుచున్నది. నగరములో ఇటుకలు మోయు తండ్రి వేలకొలది రుసుము చెల్లింపగలడా? కావున సంఘపోషకులకు మా విన్నపములివి. అర్ధవీడులో ఆదివారపు తరగతి యొకటి పెట్టుడు. భవనమునకు ముందు ఉపాధ్యాయుని జీతమునకు నిధి కూర్పుడు. నగరములందున్న మనవారు వాడి విడిచిన కంప్యూటర్లను బాగుచేయించి పంపుడు, ఇద్దఱికొక్కటి చాలును. పాఠము తెలుగున జరుగవలెను. ఆడపిల్లలకు సగము స్థానములుంచుడు. పెండ్లిమాటలు చెప్పి వారిని నడుమ మాన్పింపవలదు. ఇతర కులముల పిల్లలు వచ్చినచో వారికిని పీట వేయుడు. విద్యకు పంక్తిభేదము లేదు.

ఇది నేర్చిన ప్రతివానికి నుద్యోగము వచ్చునని మేము వాగ్దానము చేయము. తన తప్పును తానే వెదకి దిద్దుకొను బుద్ధి మాత్రము తప్పక యలవడును. అది యే వృత్తియందైనను అన్నము పెట్టును.

వచ్చు మహాసభనాటికి మన పిల్లలే యీ వేదికపై తమ ప్రోగ్రాములను చూపుదురుగాకయని కోరుచున్నాము.