చేతులు మారకూడని తాళంచెవి



తాళంచెవిని హిందీలో ‘కుంజీ’ అంటారు, ‘చాబీ’ అని కూడా అంటారు. ఈ రెండవ మాట పోర్చుగీసు నుంచి వచ్చి మన దేశంలో స్థిరపడినది. చేతులు మారినందువల్ల మాటకు నష్టమేమీ లేదు. నేడు నేను ప్రస్తావించే తాళంచెవి మాత్రం చేతులు మారరాదు.

నా అనువాదాలు సగం ఇంటి కంప్యూటరులోను, సగం కార్యాలయంలోని కంప్యూటరులోను సాగుతుంటాయి. రెండుచోట్లా ఒకే ప్రతి ఉండేందుకు ‘సింక్‌థింగ్’ అనే సాఫ్ట్‌వేరును వాడుతున్నాను. 2013లో వెలువడిన ఈ సాధనం ఫైళ్ళను ఏ సంస్థ గిడ్డంగిలోను దాచదు. దారిలో ఎవరూ చదవకుండా గుప్తీకరించి, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి అందజేస్తుంది.

గుప్తీకరణకు తాళంచెవి అవసరం. పెట్టెతోపాటు తాళంచెవిని కూడా రహస్యంగా పంపవలసి రావడమే పూర్వం పెద్ద చిక్కు. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ దానికి పరిష్కారం సూచించారు. ఒక్కొక్కరికి జంట చెవులుంటాయి: ఒకటి లోకానికి చూపదగినది, రెండవది ఇల్లు దాటరానిది.

సింక్‌థింగ్‌ను మొదటిసారి నడిపినప్పుడే అది మనల్ని ఏమీ అడగకుండా ఈ జంటను తయారుచేస్తుంది. బహిరంగమైన చెవితో ఒక ధ్రువపత్రం రూపొందించి, దాని నుంచి 56 అక్షరాలు, అంకెల గుర్తింపును తీస్తుంది. వాటిలో 4 కేవలం ఎత్తిరాతలో దొర్లే తప్పులను పట్టడానికి చేర్చినవి. రెండు యంత్రాలలోను పరస్పరం గుర్తింపులను నమోదు చేసినప్పుడే అవి కలుస్తాయి.

మనిషి ఎన్నుకునే రహస్యపదం తరచు పిల్లల పేరో, పుట్టిన తేదీయో అవుతుంది. యంత్రం ఊహకందని సంఖ్యలతో చెవిని చేస్తుంది. అయితే ఆ సంఖ్యలు నిజంగా ఊహకందనివై ఉండాలి. 2006లో డెబియన్ వ్యవస్థలో జరిగిన ఒక చిన్న మార్పు వల్ల ఒక్కొక్క రకం చెవులలో సాధ్యమైనవి సుమారు 32,768కి కుదించుకుపోయాయి. ఆ లోపం 2008 మే నెలలో గాని బయటపడలేదు.

యంత్రం తన పని సరిగా చేసినా మన పని మిగిలే ఉంటుంది. కార్యాలయానికి కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు, శ్రమ తగ్గుతుందని ఇంటి యంత్రంలోని అమరికల ఫోల్డరును యథాతథంగా దానిలోకి ఎక్కించాను. రహస్యపు చెవి కూడా వెంట వచ్చింది. రెండింటికీ ఒకే గుర్తింపు కావడంతో, ఒకటి రెండవదానిని తానే అనుకొని కలవనే లేదు. నేను గమనించలేదు. సవరించిన అధ్యాయం ఇంట్లో ఉండిపోయి, పాత ప్రతి అచ్చుకు వెళ్ళింది.

నాకు జరిగిన నష్టం కొన్ని పుటలు మాత్రమే. అదే చెవి పరాయి చేతిలో పడితే, అతడే నేనని నా యంత్రాలు నమ్మేవి. కనుక ప్రతి యంత్రం తన చెవిని తానే తయారుచేసుకోనివ్వండి. దానిని మరొకచోటికి ఎక్కించకండి. కొత్త గుర్తింపును అంగీకరించే ముందు ఆ వ్యక్తితో మాట్లాడి సరిచూసుకోండి. తాళంచెవిని యంత్రం చేయగలదు, ఎవరిని నమ్మాలో నిర్ణయించవలసినది మనమే.