‘పదేళ్లకే’ అన్న మనిషి ఎదురుగా కూర్చుంటే టీచర్ ఏం చేయాలి?

(బోరబండలో సాయంత్రం బడి టీచర్లు, వలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆదివారం పూట డ్యూటీలు మార్చుకుని, ఎంఎంటీఎస్ ఎక్కి బోరబండ దాకా వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వందనాలు. మీలో కొందరు సర్కారు బడి టీచర్లు. కొందరు పగలంతా హైటెక్ సిటీలో పని చేసి, సాయంత్రం ఇక్కడి పిల్లలకు లెక్కలు, ఇంగ్లిష్ చెప్పేవాళ్లు. ఈ రోజు ఒక్క సంగతే మాట్లాడుకుందాం. మన ఎదురుగా కూర్చున్న మనిషి తప్పుడు మాట చెప్తే ఏం చేయాలి? ఫోన్‌లో వచ్చిందైతే డిలీట్ కొట్టేస్తాం. మనిషిని డిలీట్ కొట్టలేం కదా.

ముందు నా తప్పు చెప్పుకుంటాను.

పోయినేడు ఒక ట్యూషన్ సెంటర్‌లో నేను కూడా ఉన్నాను. లెక్కలు చెప్పే సార్ ఒకాయన మాటల మధ్యలో పిల్లలతో అన్నాడు: “రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టిండ్రు. ఓట్ల కోసం గుంజుకుంటూ వస్తున్నరు.” మన గూడెం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న తొమ్మిదో తరగతి చెల్లె తల దించుకుంది. నాకు కోపం ఆగలేదు. ఇరవై నిమిషాలు దంచాను. కొమురం భీం నుంచి మొదలుపెట్టి పోడు భూముల దాకా పోయాను. చివరికి “మీరు వాట్సాప్ యూనివర్సిటీల చదివిండ్రా సార్?” అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. గెలిచాననుకున్నాను.

బయటికొచ్చాక ఆ చెల్లె మెల్లగా అడిగింది: “అన్నా, మరి పదేళ్లు అన్నది నిజమా, కాదా?”

నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను గానీ ఆ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పిల్ల స్కాలర్‌షిప్ ఫారం నింపి కూడా నాలుగు రోజులు బ్యాగులోనే ఉంచుకుంది. “ఇస్తే అందరూ చూస్తరు కదన్నా” అంది. తర్వాతి వారం నుంచి ఆ సార్ రావడం మానేశాడు. లెక్కలు బాగా చెప్పేవాడు. అంటే పిల్లలకు లెక్కలూ పోయాయి, జవాబూ దొరకలేదు. నేను గెలిచింది ఏంటి?

ఆ రోజు చెప్పాల్సింది నిజానికి ఒక్క నిమిషం మాట. మీరూ గుర్తుపెట్టుకోండి. చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు రాజ్యాంగంలో గడువు లేదు. అవి 15(4), 16(4) అధికరణాల కింద వస్తాయి. పదేళ్ల గడువు ఉన్నది 334వ అధికరణంలో. అది లోక్‌సభ, అసెంబ్లీ సీట్ల సంగతి. ఆ గడువును పార్లమెంటు పొడిగిస్తూ వచ్చింది. 104వ సవరణతో ఇప్పుడు అది 2030 జనవరి దాకా ఉంది. సార్ విన్న మాటలో ‘పదేళ్లు’ నిజమే, కానీ అది అసెంబ్లీ సీట్ల ముచ్చట. దాన్ని తెచ్చి కాలేజీ సీటుకు అంటించారు.

చూశారా? చాలా తప్పుడు మాటల్లో ఒక నిజం ముక్క ఉంటుంది. మనం “అంతా అబద్ధం” అంటే ఎదుటివాడు ఆ ముక్క తీసి చూపిస్తాడు. అక్కడితో మన మాట పోతుంది. అందుకే ఆ ముక్కను ముందు మనమే ఒప్పుకోవాలి.

ఇప్పుడు 2018 ఎండాకాలం గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఫోన్లనిండా వీడియోలు. మన దగ్గర ఆ ముఠాకు పెట్టిన పేరు ‘పార్థీ గ్యాంగ్’. పార్థీలు ఎవరు? బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్ర పడ్డ జనం. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర మాత్రం వాట్సాప్ దాకా వచ్చింది. ఆ మే నెలలో ఇదే హైదరాబాద్‌లో, చాంద్రాయణగుట్టలో, ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. పుకారు ముందు ఎవరి మీద పడుతుందో మనకు వేరే చెప్పాలా?

అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో రెమా రాజేశ్వరి గారు ఎస్పీ. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్లు తిరిగే పోలీసులు గమనించారు. ఎందుకని అడిగితే వీడియోల సంగతి బయటపడింది. అప్పుడు ఏం చేశారు? ఊరికొక పోలీసును పెట్టి, ఇంటింటికీ పంపి మాట్లాడించారు. డప్పు కొట్టించి, పాట రూపంలో చెప్పించారు. ఆ జులైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకే కుదించింది. అది ఫోన్‌లో పని. అరుగు మీద మాటను ఆపాలంటే మాత్రం మనిషే పోయి అరుగు మీద కూర్చోవాలి. గద్వాలలో పని మొదలైంది ‘ఎందుకు లోపల పడుకుంటున్నారు’ అని అడగడంతో. అది మర్చిపోవద్దు.

నేను కూడా ఆలస్యంగానైనా అదే చేశాను. ఆ సార్‌కు ఫోన్ చేసి, పిల్లల ముందు మిమ్మల్ని నవ్వులపాలు చేసినందుకు తప్పయిందన్నాను. స్టేషన్ దగ్గర చాయ్ తాగుతూ అడిగాను: “సార్, ఈ పదేళ్ల మాట మీకు ఎక్కడ తగిలింది?” ఆయన కాసేపు ఊరుకున్నాడు. తర్వాత చెప్పాడు. వాళ్ల తమ్ముడికి రెండు మార్కుల తేడాతో సీటు పోయిందట. ఆ బాధలో ఉన్నప్పుడు ఎవరో పంపిన మెసేజ్ అది. బాధ నిజం, మెసేజ్ తప్పు. ముందు బాధ విన్నాను. తర్వాత 334 గురించి చెప్పాను. ఫోన్‌లో రాజ్యాంగం తెరిచి ఆయనతోనే చదివించాను. రిజర్వేషన్ల మీద ఆయన అభిప్రాయం మారలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. కానీ “పదేళ్ల మాట ఇగ అనను తమ్మీ” అన్నాడు. నాకు అది చాలు.

కాబట్టి టీచర్లుగా మీకు నేను చెప్పేది ఇంతే. మాట వినగానే ఎదురుమాట వేయకండి. “ఎక్కడ విన్నరు? ఏమని ఉంది అండ్ల?” అని అడగండి. అందులో నిజమున్నంత వరకు ఒప్పుకోండి. తర్వాత ఒకే ఒక్క నిజం చెప్పండి, పది వద్దు. తప్పుడు మాటను పదేపదే పలకొద్దు, పలికిన కొద్దీ చెవికి అదే అలవాటవుతుంది. చేతిలో కాగితం ఉంటే కలిసి చదవండి. తెలియకపోతే “రేపు చూసి చెప్త” అనండి, రేపు తప్పకుండా చెప్పండి.

పెద్దవాళ్లతో అయితే పక్కకు తీసుకెళ్లి మాట్లాడండి, నలుగురిలో వద్దు. కానీ తరగతిలో ఆ మాట విని తల దించుకున్న పిల్ల ఉంటే మాత్రం ఆగొద్దు. అక్కడికక్కడే, మెత్తగా, “ఇది ఇట్ల కాదు, అసలు సంగతి ఇది” అని ఒక్క నిమిషంలో చెప్పేయండి. సార్‌తో వాదం తర్వాత పెట్టుకోవచ్చు. పిల్లకు జవాబు అప్పుడే కావాలి.

ఇంకొక మాట, మన మీద మనకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. మనకు పెద్ద దెబ్బ, కాదనను. కానీ మన గ్రూపుల్లో అది “ఎస్టీ రిజర్వేషన్లే పోయినయ్” అని తిరిగింది. చదవకుండా నేనూ ఒక గ్రూపులో పంపాను. “ఇగ చదివి ఏం లాభం బిడ్డా?” అని ఊర్లో ఒక అవ్వ నన్నే అడిగింది. పోయింది ఆ నూరు శాతం జీవో, ఎస్టీ రిజర్వేషన్ కాదు. మనవాళ్లు పంపినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. అవ్వ దగ్గర కూర్చుని సరిదిద్దే బాధ్యత కూడా మనదే.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు ఆ సార్ అవ్వండి, ఒకరు టీచర్ అవ్వండి. పది నిమిషాలు మాట్లాడండి, తర్వాత మార్చుకోండి. కోపం వస్తే ఇక్కడే రానివ్వండి, రేపు తరగతిలో తక్కువ వస్తుంది.

ఆ చెల్లె అయిదో రోజు ఫారం ఇచ్చింది. ఇప్పుడు పదో తరగతి. మీ తరగతిలో కూడా ఒక ఫారం ఎవరి బ్యాగులోనో ఆగి ఉండొచ్చు. ఒకసారి అడిగి చూడండి.

జోహార్.