జనం లేని ఒడ్డున సముద్ర స్నానం

(కార్తీక పౌర్ణమి ముందు మహిళా సంఘం సభ్యులతో ఒక అక్క చెప్పిన మాటలు)



పౌర్ణమికి అందరం కలిసి సముద్ర స్నానానికి వెళ్దామని మొన్న మీటింగులో అనుకున్నాం. ట్రాక్టరు మాట్లాడారు. పులిహోర ఎవరు చెయ్యాలో కూడా తేలిపోయింది. ఒక్క మాట మాత్రం తేలలేదు. అందరూ మునిగే చోట జనం ఎక్కువ, ఎవరూ లేని చోటికి పోదామని కొందరు అన్నారు. దాని గురించి చెప్పమని నన్ను నిలబెట్టారు. నేను పుట్టింది సముద్రం ఒడ్డున. మా నాన్న వేటకి వెళ్ళేవాడు. అందుకని నన్ను అడిగారు.

ఎవరూ లేని చోటు కావాలని మీరు ఎందుకు అన్నారో నాకు తెలుసు. తడి చీరతో బయటికి వస్తుంటే చూసేవాళ్ళు ఉంటారు. ఇప్పుడు వాళ్ళ చేతుల్లో సెల్ ఫోన్లు కూడా ఉన్నాయి. చీర మార్చుకుందామంటే చాటు ఉండదు. ఏడాదికి ఒక్కసారి వెళ్తాం. ఆ పూటైనా హాయిగా మునగాలని ఎవరికి ఉండదు? ఆ కోరికలో తప్పు లేదు.

హంసలదీవి చూసినవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, సగం మంది ఉన్నారు! కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు అది. మాఘ పౌర్ణమికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. మామూలు రోజుల్లో పాలకాయతిప్ప నుంచి సంగమం వైపు ఇసుక మీద నడిస్తే మనిషి కనపడడు. పీతలు, పక్షులు, గాలి. అంతే. అందంగానే ఉంటుంది. కానీ నది సముద్రంలో కలిసే చోట నీళ్ళు ఒక దారిన పోవు. నది ఇటు తోస్తుంది. సముద్రం అటు తోస్తుంది. కింద ఇసుక ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. మోకాలి లోతు అనుకుని అడుగు వేస్తాం. మెడదాకా దిగిపోతాం. హంసలదీవి అయినా, అంతర్వేది అయినా, ఏ నది మొగ అయినా అంతే. మొగ దగ్గర లోపలికి దిగొద్దు. ఇందులో రెండో మాట లేదు.

ఇంక మా ఇంటి సంగతి చెప్తాను. నాకు పెళ్ళయిన మరుసటి ఏడు. ఇదే కార్తీకమాసం. మా మరిది, తోటికోడలు, వాళ్ళ పదేళ్ళ పిల్ల, నేను సముద్రానికి వెళ్ళాం. జనం వద్దని చాలా దూరం నడిచాం. ఒకచోట అలలు పెద్దగా విరుగుతున్నాయి. దాని పక్కన కొంత మేర అలే లేదు. చెరువులాగా ఉంది. "ఇక్కడ బాగుంది, ఇక్కడే దిగుదాం" అంది తోటికోడలు. నేనైనా ఆపాలి కదా! ఒడ్డున పుట్టినదాన్ని. మాటల్లో పడి చూసుకోలేదు.

పిల్ల నడుం లోతుకి వెళ్ళింది. అంతే. ఎవరో తాడు కట్టి లాగినట్టు లోపలికి పోయింది. మా మరిది వెంటనే దూకాడు. కాలవలో గజ ఈతగాడు. మా కేకలు విని దూరాన వల లాగేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. తెప్ప వేసుకుని పోయి పిల్లని తెచ్చారు. అది వెల్లకిలా తేలుతూ ఉందట. మరిది మర్నాడు దొరికాడు.

ఆ పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఈరోజుకీ సముద్రం వైపు రాదు.

అక్కడ ఏం జరిగిందో మా నాన్న తర్వాత ఇసుకలో గీసి చూపించాడు. అలలు నీళ్ళని ఒడ్డుకి తెస్తూనే ఉంటాయి. వచ్చిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా. ఇసుక మేటల మధ్య పల్లం దొరికితే అన్నీ అక్కడ చేరి కాలవలాగా లోపలికి పరుగెత్తుతాయి. ఆ పల్లంలో అలలు సరిగా విరగవు. అందుకే నెమ్మదిగా కనపడుతుంది. ఒక్కోసారి నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి. నురగ, చెత్త లోపలికి పోతూ కనపడతాయి. దిగేముందు కాసేపు ఒడ్డున కూర్చుని చూడండి. చెరువులా ఉన్నచోట దిగొద్దు.

ఆ నీళ్ళు మనిషిని కిందికి లాగవు. లోపలికి తీసుకుపోతాయి. కొంత దూరం పోయాక వాటి బలం తగ్గుతుంది. మా మరిది ఒడ్డుకే ఎదురీదాడు. అలిసిపోయాడు. ఈత వచ్చినవాళ్ళు ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డుకి తిరగాలి. ఈత రానివాళ్ళు వెల్లకిలా పడుకుని తేలాలి. చెయ్యెత్తి కేక వెయ్యాలి. చెప్పినంత తేలిక కాదు, నాకు తెలుసు. అందుకే మోకాలి లోతు దాటొద్దని నా మాట. చీర తడిస్తే బరువు. కాళ్ళకి చుట్టుకుంటుంది. గోచీ పెట్టి కట్టుకోండి, లేకపోతే పంజాబీ డ్రస్సు వేసుకోండి. సముద్రానికి వీపు పెట్టొద్దు. చెంబుతో తలమీద పోసుకుంటే పుణ్యం తగ్గుతుందా చెప్పండి?

ఎవరైనా కొట్టుకుపోతే వెనకాల దూకొద్దు. కన్నబిడ్డ అయినా సరే. ఈ మాట అనడానికి నాకు నోరు రావడంలేదు, అయినా అంటున్నాను. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాకి పొడుగాటి తాడు కట్టి ఉంచుకోండి. దాన్ని విసరండి. తాడు లేకపోతే చీరలు ముడెయ్యండి. బయటికి తెచ్చాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం చేస్తారు. అవి వద్దు. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 5 సార్లు ఊదండి. తర్వాత రొమ్ము నడిమధ్య 30 సార్లు గట్టిగా నొక్కాలి, 2 సార్లు ఊదాలి. 108 బండి వచ్చేదాకా ఆపొద్దు. ఇది నర్సమ్మని పిలిచి మనందరం ఒకసారి నేర్చుకుందాం.

పౌర్ణమికి, అమావాస్యకి పోటు ఎక్కువ. ఉదయం మీరు మూటలు పెట్టిన చోటు కాసేపటికి నీళ్ళలో ఉండొచ్చు. పైగా ఇది తుఫానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెన వచ్చింది కూడా కార్తీకంలోనే. పెద్దవాళ్ళకి గుర్తే. రేడియోలో, టీవీలో వార్త వినండి. అన్నిటికంటే తేలిక, పల్లెలోకి పోయి "మీవాళ్ళు వేటకి వెళ్ళారా అమ్మా?" అని అడగండి. వాళ్ళు వెళ్ళలేదంటే మనం దిగొద్దు. ఏ పక్కన దిగాలో కూడా ఆ ఆడవాళ్ళే చెప్తారు.

కాబట్టి నేననేది ఏమిటంటే, గుంపులోకి వద్దు, మరీ మనిషి లేనిచోటికీ వద్దు. పడవలు లాగి పెట్టిన చోటుకి కొంచెం పక్కగా దిగుదాం. కేక వేస్తే వినపడాలి. నాలుగు వెదురు కర్రలు, రెండు పాత చీరలు తెస్తే బట్టలు మార్చుకునే చాటు అవుతుంది. ఎవడైనా ఫోనుతో ఫొటో తీస్తే సిగ్గుపడి తల దించుకోవద్దు. అందరం అటు తిరిగి అడుగుదాం. 112కి ఫోను చేద్దాం. సముద్రం పోలీసుల నెంబరు 1093. అక్కడ ఫోను పలుకుతుందో లేదో దిగకముందే చూసుకోవాలి. నగలు ఇంట్లోనే. పొద్దు వాలకముందే బయలుదేరాలి. ఎంతమంది వెళ్ళామో కాగితం మీద పేర్లు రాద్దాం. ఇప్పుడు అందరికీ రాయడం వచ్చు కదా! తిరిగి ట్రాక్టరు ఎక్కేటప్పుడు పేర్లు చదివి లెక్క చూద్దాం.

తాడు మా ఇంట్లో ఉంది, నేను తెస్తాను. నూనె డబ్బా ఎవరు తెస్తారు?