డ్రాగ్ పందెపు కారుకు వెనుక సస్పెన్షన్ ఎంపిక

రోజూ రోడ్డు మీద తిరుగుతూ, అప్పుడప్పుడు డ్రాగ్ పందెంలో పాల్గొనే కారుకు వెనుక సస్పెన్షన్‌లో ఏయే మార్పులు చేయాలి, ఏ వరుసలో చేయాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

డ్రాగ్ పందెం అంటే, నిలిచి ఉన్న కారు బయలుదేరి తిన్నని బాట మీద పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, పరుగెత్తే పందెం. అమెరికాలో వీధుల్లో సాగే ఇటువంటి పందేలను ప్రత్యేకమైన బాటల మీదికి మళ్లించి, భద్రతా నియమాల కిందికి తేవాలన్న ఉద్దేశంతో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించారు. వారాంతంలో పందెపు బాట మీద పరుగెత్తిన కారులోనే సోమవారం ఉద్యోగానికి వెళ్లేవారు అక్కడ ఎందరో ఉన్నారు. మనం మాట్లాడుకునేది అటువంటి కారు గురించే. అది త్వరగా బయలుదేరాలి, సురక్షితంగా ఇంటికి కూడా చేరాలి. ఈ రెండు అవసరాలూ కొన్నిచోట్ల ఒకదానికొకటి అడ్డు వస్తాయి. ఎంపికలో ఉన్న కష్టమంతా అక్కడే.

బరువు వెనక్కి మళ్లడం

బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలుతారు. కారు బయలుదేరినప్పుడు కూడా ముందు చక్రాల మీది బరువులో కొంత భాగం వెనుక చక్రాల మీదికి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందో చెప్పే సూత్రం చాలా సులభం. కారు బరువును త్వరణంతోనూ, గురుత్వ కేంద్రం ఎత్తుతోనూ గుణించి, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరంతో భాగించాలి. త్వరణాన్ని గురుత్వ త్వరణంలో ఎన్నో వంతు అన్న లెక్కలో తీసుకోవాలి.

ఈ సూత్రంలో స్ప్రింగు బిగువు ఎక్కడా లేదని గమనించండి. వెనుక స్ప్రింగులు మెత్తబడి కారు వెనుక భాగం బాగా కుంగితే ఎక్కువ బరువు వెనక్కి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కుంగడం కంటికి కనిపిస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి సస్పెన్షన్ బరువును పుట్టించలేదు. మళ్లిన బరువు టైరుకు ఎంత త్వరగా, ఎంత నిలకడగా, రెండు చక్రాలకూ ఎంత సమానంగా చేరాలో మాత్రమే నిర్ణయిస్తుంది.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. వాటిలో బరువు నడిపే చక్రాలను వదిలి వెనక్కి పోతుంది కాబట్టి ఈ పాఠం వాటికి వర్తించదు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ మాత్రం వెనుక చక్రాలతో నడిచేది. గట్టి ఇరుసు, దాని కింద కమాను పట్టీలు ఉండేవి. ఆ నిర్మాణం తెలిసిన మెకానిక్కులకు ఈనాటి విషయం తేలికగా అర్థమవుతుంది.

ముందు టైరు, తరువాతే తక్కినవి

అమెరికాలో ఇటువంటి వాడకానికి బాగా పేరుపడిన 1979-1993 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని ఇరుసుల మధ్య దూరం సుమారు 2.55 మీటర్లు. లెక్క కోసం డ్రైవరుతో కలిపి బరువు 1,500 కిలోలు, అందులో వెనుక చక్రాల మీద 43 శాతం, గురుత్వ కేంద్రం ఎత్తు 51 సెంటీమీటర్లు అనుకుందాం.

టైరుకూ బాటకూ మధ్య ఘర్షణ గుణకం 1 అయితే, ఈ కారు గురుత్వ త్వరణంలో 0.54 వంతుకు మించి త్వరణం పొందలేదు. అప్పుడు వెనక్కి మళ్లే బరువు దాదాపు 160 కిలోలు. డ్రాగ్ పందేల కోసం చేసిన మెత్తని టైరు వేసి, సిద్ధం చేసిన బాట మీద గుణకం 1.4కు చేరిందనుకోండి. త్వరణం 0.84 వంతుకు పెరుగుతుంది, మళ్లే బరువు 250 కిలోలవుతుంది. పట్టు పెరిగితే త్వరణం పెరుగుతుంది, త్వరణం పెరిగితే వెనుక బరువు పెరుగుతుంది, దానితో పట్టు ఇంకా పెరుగుతుంది. మొదటి 60 అడుగులు, అంటే 18.3 మీటర్లు, ఇదే త్వరణంతో సాగితే మొదటి టైరుకు 2.6 సెకన్లు, రెండవదానికి 2.1 సెకన్లు పడుతుంది. ఇంత తేడాను ఏ లింకూ, ఏ స్ప్రింగూ తేలేదు. కనుక మొదటి ఖర్చు టైరు మీదనే పెట్టాలి.

ఎగురుడును అదుపు చేయడం

మంచి టైరు వేశాక, అంతవరకు కనిపించని లోపం బయటపడుతుంది. చక్రాలు ముందుకు తిరిగినప్పుడు ఇరుసు పెట్టె ఎదురు దిశలో మెలితిరగబోతుంది, దాని ముక్కు పైకి లేస్తుంది. రబ్బరు బుష్షులు నలిగి, మళ్లీ విడుదలవుతాయి. ఇది సెకనుకు అనేకసార్లు జరిగితే చక్రం బాట మీద ఎగిరెగిరి పడుతుంది. సమయం నష్టపోవడమే కాదు, ఇరుసు భాగాలు విరగవచ్చు.

ఈ సమస్య కొత్తదేమీ కాదు. 1967 షెవ్రొలే కమారోలో వెనుక ఒంటిపట్టీ కమాన్లు ఉండేవి. 1968లో ఒక షాక్ అబ్జార్బరును ఇరుసుకు ముందు, మరొకదాన్ని వెనుక అమర్చి ఈ ఎగురుడును తగ్గించారు. మస్టాంగ్ 5.0 లీటర్ల రకంలో నిలువు షాక్ అబ్జార్బర్లు రెండింటితోపాటు అడ్డంగా మరో రెండు అమర్చారు.

మస్టాంగ్‌లో ఇరుసును రెండు కింది లింకులు, రెండు పై లింకులు పట్టుకుంటాయి. కింది లింకులు వంచిన రేకుతో చేసినవి. వాటి స్థానంలో గొట్టపు లింకులు, గట్టి బుష్షులు వేస్తే మంచి ఫలితం ఉంటుంది. పై లింకుల విషయంలో జాగ్రత్త అవసరం. అవి ఏటవాలుగా ఉండి, ఇరుసు పక్కకు జరగకుండా కూడా ఆపుతాయి. కారు మలుపులో ఒరిగినప్పుడు ఆ లింకులు ఒకదానినొకటి అడ్డుకుంటాయి, రబ్బరు కొంత లొంగితేనే ఇరుసు కదులుతుంది. అన్నిచోట్లా గట్టి బుష్షులు బిగిస్తే మలుపులో వెనుక భాగం హఠాత్తుగా జారవచ్చు. లింకులు వచ్చి తగిలే రేకు పెట్టెలు ఈ కార్లలో చిరుగుతాయి. కొత్త లింకులు కొనకముందే వాటిని పరీక్షించి, బలపరచాలి.

కుంగాలా, లేవాలా?

పక్క నుంచి చూసి, పై లింకు, కింది లింకు గీతలను ముందుకు పొడిగిస్తే అవి ఒకచోట కలుస్తాయి. దాన్ని తక్షణ కేంద్రం అంటారు. ఇప్పుడు వెనుక టైరు నేలను తాకే చోటు నుంచి, ముందు ఇరుసుకు నేరుగా పైన గురుత్వ కేంద్రం ఎత్తులో ఉన్న బిందువుకు ఒక గీత గీయండి. తక్షణ కేంద్రం ఆ గీత మీద ఉంటే కారు వెనుక భాగం కుంగదు, లేవదు. గీతకు కింద ఉంటే కుంగుతుంది, పైన ఉంటే లేస్తుంది.

లేచేటట్లు అమరిస్తే బలం స్ప్రింగు నలిగేదాకా ఆగకుండా లింకుల ద్వారా వెంటనే టైరుకు చేరుతుంది. కాని లేవడం ఆగిన క్షణంలో టైరు మీది ఒత్తిడి తగ్గి, పట్టు ఒక్కసారిగా తప్పవచ్చు. అందుకే ఇరుసు కిందికి సాగే వేగాన్ని అదుపుచేయగల, సర్దుబాటు ఉన్న షాక్ అబ్జార్బర్లు అవసరం. అందం కోసం కారును కిందికి దించినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. గురుత్వ కేంద్రం దిగి బరువు మళ్లింపు తగ్గుతుంది, కింది లింకు వాలు కూడా చెడుతుంది. ఇరుసు వైపు కింది లింకు కొసను కిందికి దించే బ్రాకెట్లు ఆ వాలును సరిచేస్తాయి.

కుడి చక్రం ఎందుకు జారుతుంది?

మన ఉదాహరణలో ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుమారు 1,050 న్యూటన్-మీటర్ల మెలి పడుతుంది. అది గట్టి ఇరుసు ఎడమ చక్రాన్ని నొక్కి, కుడి చక్రాన్ని లేపుతుంది. చక్రాల మధ్య దూరం 1.45 మీటర్లయితే, ఇది కుడివైపు 74 కిలోలు తీసి ఎడమవైపు వేయడమే. ఇంజను దిమ్మెల ద్వారా శరీరం మీద అంతే మెలి ఎదురు దిశలో పడి, కారు కుడికి ఒరుగుతుంది. ఆ ఒరుగును వెనుక సస్పెన్షన్ పూర్తిగా మోస్తే రెండూ సరిపోతాయి, చక్రాల మీద బరువు సమానమవుతుంది. ముందు సస్పెన్షన్ ఎంత మోస్తే అంత నష్టం.

క్రైస్లర్ సంస్థ సూపర్ స్టాక్ కమాన్లలో కుడిదాన్ని ఎడమదానికంటె బలంగా చేసింది ఇందుకే. మస్టాంగ్ యజమానులు కుడి స్ప్రింగు లోపల గాలి సంచి పెడతారు, లేదా వెనుక బలమైన యాంటీ రోల్ బార్ బిగిస్తారు. పందెం రోజున ముందు బార్‌ను విప్పుతారు.

ఇంటిదారి సంగతి

ఇక్కడే రెండు అవసరాలూ ఎదురుపడతాయి. వెనుక ఒరుగు బిగువు పెంచి, ముందు తగ్గిస్తే, తిన్నని బాట మీద మేలు చేసిన ఆ అమరికే వాన తడిసిన మలుపులో వెనుక భాగాన్ని జారుస్తుంది. లింకుల విషయమూ అంతే. బయలుదేరేటప్పుడు ఇరుసును నేలకు అదిమిన జ్యామితి, బ్రేకు వేసినప్పుడు దిశ మార్చుకుని ఇరుసును పైకి లాగుతుంది. మరీ ఎక్కువగా అమరిస్తే గట్టి బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు ఎగురుతాయి. రోడ్డు మీద తిరిగే కారుకు మధ్యస్థమైన అమరికే తగినది. ముందు బార్‌ను తిరిగి బిగించకుండా ఇంటికి బయలుదేరడం ప్రమాదకరం.

సారాంశం

ఎంపికకు వరుస ఇది. టైర్లు, అరిగిన బుష్షులు, చిరిగిన రేకులు, కింది లింకులు, షాక్ అబ్జార్బర్లు, వెనుక బార్ లేదా గాలి సంచి, చివరికి మాత్రమే జ్యామితి మార్పు. ఒకసారి ఒకే మార్పు చేసి, 60 అడుగుల సమయాన్ని కొలవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల కీడు జరిగిందో తెలియదు. ప్రతి మార్పు తరువాతా ఖాళీ స్థలంలో, తక్కువ వేగంతో మొదలుపెట్టి, బ్రేకునూ మలుపునూ పరీక్షించాలి. ఆ పరీక్షలో తప్పిన భాగం పందెంలో ఎంత మేలు చేసినా ఈ కారుకు పనికిరాదు.

అభ్యాసం: పై ఉదాహరణలో ఘర్షణ గుణకం 1.4గానే ఉంచి, గురుత్వ కేంద్రం ఎత్తును 46 సెంటీమీటర్లకు తగ్గిస్తే త్వరణం ఎంత? జవాబు: గురుత్వ త్వరణంలో సుమారు 0.81 వంతు.